రింగు మీద బంతి

పొద్దున్నే కోడలు కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, ముఖం చూపించకుండా వెళ్లి రిఫరీ చొక్కా ఇస్త్రీ చేయసాగింది. మామగారు పేపరు మడిచారు. ముప్పై ఏళ్లు అంతర్జాతీయ నిబంధనలతో బాస్కెట్‌బాల్ ఆటలు నడిపించిన మనిషి ఆయన. ఇప్పుడు ఈల కోడలి చేతికొచ్చింది.

"కోపం ఇంకా తగ్గలేదామ్మా?"

"చొక్కా తిరిగిచ్చేస్తున్నా మామయ్యా. ఇక నా వల్ల కాదు."

"ఎందుకూ? నేను తప్పేమన్నాను? బంతి రింగుకి తగిలాక ఎవరైనా ముట్టుకోవచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"మీ రూల్లో ముట్టుకోవచ్చు. నిన్నటిది అమెరికా రూళ్ల టోర్నమెంటు. బంతి రింగు మీద ఉన్నంతసేపూ ముట్టుకోకూడదు. అడ్డుకునేవాడు ముట్టుకున్నాడు, అందుకే బంతి వేసినవాళ్లకి పాయింట్లిచ్చాను. మీరేమో జనంలోంచి లేచి కేకలేశారు." ఆమె ఇస్త్రీపెట్టెని కాలరు మీద గట్టిగా నొక్కింది. "బంతితో దూసుకొచ్చినవాడు ఎదుటివాణ్ణి గుద్దేస్తే, ఆ ఫౌలుకి తల వెనక చెయ్యి పెట్టి చూపించాను. దానికి, 'జుట్టు సర్దుకుంటున్నావా? పిడికిలితో అరచేతిలో గుద్దాలి' అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నలుగురిలో నా పరువు తీశారు."

ఆ చివరి మాటకి మామగారు ఉలిక్కిపడ్డారు. సరిగ్గా అదే మాట ఒకప్పుడు తనే అన్నారు, భార్యతో.

ఆ రోజుల్లో ఆవిడ స్కోరు బల్ల దగ్గర కూర్చునేది. ఫౌలు చేసిన ఆటగాడి నంబరు ఆయన వేళ్లతో చూపించీ చూపించకముందే పుస్తకంలో రాసేసేది. ఎండలో ఆయన మెడకి తడిగుడ్డ చుట్టేది. ఒకసారి ఆయన ఐదో ఫౌలని ఒకణ్ణి బయటికి పంపుతుంటే ఆవిడ లేచి నిలబడి, "నాలుగే అయ్యాయండీ" అంది. ఆవిడదే నిజం. అయినా ఇంటికొచ్చి ఎగిరెగిరి పడ్డారు, వారం మాట్లాడలేదు. ఆవిడ మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. తప్పు నాదేనన్న ముక్క ఆవిడ పోయేదాకా ఆయన నోట రాలేదు.

మామగారు లేచి వెళ్లి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపారు.

"తప్పు నాదేనమ్మా. మీ అత్తయ్యకి ఈ మాట చెప్పలేకపోయాను. నీకైనా చెప్పనీ. చొక్కా ఇవ్వకు."

కోడలు పైటచెంగుతో కళ్లొత్తుకుంది.

"ఆ తల వెనక చెయ్యి ఎలాగో నాకూ నేర్పవూ?" అంటూ ఆయన చెయ్యెత్తారు. భుజం పట్టేసి, చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

"అయ్యో, ఆగండి మామయ్యా!" ఏడుస్తూనే నవ్వేసింది. దగ్గరికొచ్చి ఆయన మోచేతిని మెల్లగా పైకెత్తి, అరచేతిని తల వెనక ఆనించింది.