పని చేసే వయసు

"పని కోసం వచ్చారా?" అని ట్రాక్టర్ కింది నుంచి ఒక ఆడగొంతు అడిగింది.

"అవునండీ, పని గురించే," అన్నాడతను. ఆ ప్రాంతంలో ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎక్కడ మనుషులు కావాలో, అక్కడ శిక్షణ కేంద్రం పెట్టొచ్చో లేదో లెక్క తీయడానికి ఉపాధి శాఖ పంపితే వచ్చినవాడు. కాబట్టి అన్న మాటలో అబద్ధమేమీ లేదు.

"అయితే ఆ పైపు ఎత్తి పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. నల్లటి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతికి పాకి, పొద్దున్నే ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కాలోకి తీరిగ్గా ఇంకింది. కాసేపటికి ఒక అమ్మాయి బయటికి జరిగి లేచి నిలబడింది. చెంప మీద గ్రీజు మరక. కళ్ళు మాత్రం కడిగినట్టున్నాయి.

"మొదట్లో జీతం తక్కువే. భోజనం మా ఇంట్లోనే. ఇదివరకు ఏం రిపేర్లు చేశారు?"

"సైకిల్ చైను... ఒకసారి."

"ఒకసారేనా?"

"అదీ మళ్ళీ ఊడిపోయింది. అసలు నేను సర్వేకి వచ్చానండీ."

ఆమె నోరు తెరిచింది. "మరి ఇందాకే చెప్పొచ్చుగా!"

"మీరు వదలొద్దన్నారు కదా."

షెడ్డు గుమ్మం దగ్గర, మోకాలికి పట్టీ వేసుకుని కూర్చున్న ఆమె తండ్రి పకపకా నవ్వాడు. "సర్వే అంటే పొలాలు కొలవడానికా?"

"కాదండీ. పని చేసే వయసున్న మనుషుల్ని లెక్కపెట్టడానికి."

"అయితే నీ పని ఇట్టే అయిపోతుందిలే అల్లుడూ."

అతను ఉలిక్కిపడ్డాడు. "కంగారు పడకండి, పోస్ట్‌మాన్‌ని కూడా నాన్న అలాగే పిలుస్తాడు," అంది అమ్మాయి. ఊరట పడాలో నొచ్చుకోవాలో తేలక అతను తన ప్రశ్నల్లో పడ్డాడు.

"షెడ్డులో ఎంతమంది పనిచేస్తున్నారు?"

"నేను. ఇప్పుడే మీరు కూడా చేశారు."

"ఎంతమంది కావాలి?"

"వచ్చినవాళ్ళందరూ."

"ఈ ప్రాంతం వదిలి వెళ్ళే ఆలోచన ఉందా?"

ఆమె పానా తుడుస్తూ అతని వంక చూసింది. "ఇది ప్రభుత్వం అడుగుతోందా, మీరా?"

"ప్రభుత్వమే," అన్నాడు గబుక్కున. ఆ తర్వాత లాడ్జికి నడుస్తున్నంతసేపూ, తనే అడిగానని అంటే ఏమనేదో అని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

తర్వాత తిరిగిన చోటల్లా అయోమయమే. పట్నంలో ఒక్క ఉద్యోగానికి వీధి చివరిదాకా క్యూ కడతారు. ఇక్కడేమో ఆసుపత్రిలో నర్సు లేదు, రెండో బస్సుకి డ్రైవర్ లేడు, పాలకేంద్రంలో యంత్రం నడిపే ఆయనకు చూపు ఆనదు, అయినా ఆయన మానేస్తే ఇంకొకరు లేరు. పనులు నోరు తెరుచుకుని కూర్చున్నాయి. చేసే వయసువాళ్ళు ఏనాడో వెళ్ళిపోయారు.

పట్నంలోని అతని పై అధికారిణి ఫోన్‌లో తేల్చేసింది. "శిక్షణ కేంద్రం అక్కడ పెట్టలేం. నేర్చుకునేవాళ్ళేరీ? వేరే చోట పెడదాం."

ఆ మాట మెకానిక్ అమ్మాయికి చెప్పడానికి వెళ్ళడం అతను చేసిన పెద్ద తప్పు.

"కుర్రాళ్ళు లేరని కేంద్రం పెట్టరు. కేంద్రం లేదని కుర్రాళ్ళు ఉండరు. మీరు చదువుకున్నారుగా, ముందు ఏది జరగాలో చెప్పండి."

"నేను లెక్కలే తీస్తానండీ. తప్పుడు లెక్క రాయలేను."

"రాయమని ఎవరన్నారు?" అని ఆమె మళ్ళీ ట్రాక్టర్ కిందికి దూరిపోయింది. అతను కాసేపు ఆమె చెప్పుల వంకే చూస్తూ నిలబడి, వెనక్కి తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే లాడ్జి ముందు హారన్. స్కూటర్ మీద ఆమె.

"ఎక్కండి. మీరు ఇళ్ళల్లో ఆడవాళ్ళని ఏమడిగారు?"

"ఏం పని చేస్తున్నారని. ఇంట్లోనే ఉంటున్నామన్నారు."

"ఏం పని చేయాలనుందో అడిగారా?"

అతను నోరెళ్ళబెట్టాడు. అది ప్రశ్నల్లోనే లేదు.

కొన్ని రోజులపాటు మళ్ళీ గడప గడపా ఎక్కారు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఒకావిడ, నర్సు చదువు సగంలో ఆగిపోయిందని, ఇప్పుడైనా చెప్పిస్తారా అని అడిగింది. ఇంకొకావిడ మొగుడు పట్నంలో ఉంటే తనే ట్రాక్టర్ నడుపుతోందట. "లైసెన్సు ఇప్పించండి బాబూ, బస్సు కూడా లాగేస్తాను," అంది. చూపు ఆనని ఆయన కోడలు పాలకేంద్రం యంత్రం తనకు నేర్పమంది. వాళ్ళంతా ఇంతకాలం ఇక్కడే ఉన్నారు. వాళ్ళని అతని లెక్క పనివాళ్ళ కింద కట్టనేలేదు.

ఆఖరి రోజు తిరిగొచ్చేటప్పుడు వాన దంచేసింది. బస్టాపు రేకు కింద ఇద్దరూ సర్దుకుని నిలబడ్డారు. ఆమె జుట్టు పాయలోంచి ఒక్కో చుక్కా అతని భుజం మీద పడుతోంది. అతను జరగమనలేదు, ఆమె జరగలేదు.

"పని అయిపోతే వెళ్ళిపోతారుగా?" అంది ఆమె వాన వంక చూస్తూ.

ఉండమంటే ఉంటాను అని గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం, "రూల్ ప్రకారం వెళ్ళాలండీ," అని వచ్చింది.

"ఓహో, రూల్." ఆమె స్కూటర్ తాళం తీసుకుని వానలోకే నడిచింది.

ఇన్నాళ్ళూ నవ్వుతూ తిప్పింది కేంద్రం కోసమేనా, తన కోసం కూడానా? అతను ఎటు ఆలోచించినా అటే నిజమనిపించింది. కొత్త లెక్కలు పట్నం పట్టుకెళ్ళి, అధికారిణి ముందు పెట్టి, ఎన్నడూ లేనిది గట్టిగా వాదించాడు. ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని చూసి, "ఇంత పట్టుదల నీకెక్కడిది?" అంది. కొన్నాళ్ళకు కేంద్రం మంజూరైంది. దాన్ని చూసుకునే ఉద్యోగం ఎవరూ అడగరని అందరూ అంటే, అతను అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ కబురు పట్టుకుని రెక్కలొచ్చినట్టు షెడ్డుకి వచ్చాడు. అమ్మాయి గ్రీజు మరకల్లేకుండా, మంచి బట్టలు కట్టుకుని, చేతిలో సంచీతో ఎదురొచ్చింది.

"ఎక్కడికి?"

"పట్నానికి. ఇక్కడి కేంద్రంలో మెకానిక్ పని నేర్పడానికి నన్ను తీసుకున్నారు. ముందు నాకే శిక్షణ ఇస్తారట, కొన్ని నెలలు. మీరెలాగూ అక్కడే ఉంటారుగా," అని అతని మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

"నేను ఇక్కడికి వేయించుకున్నాను."

"ఇక్కడికా? రూల్ అన్నారు!"

"రూల్ మార్పించుకున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒకేసారి మొహంలో పట్టక తల తిప్పుకుంది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. "ఎందుకు మార్పించుకున్నారు?" అని నడుస్తూనే అడిగింది.

"అంటే... ఇక్కడ అవసరం చాలా ఉంది కదా."

ఆమె బస్సెక్కింది. బస్సు కదిలింది.

వెనక నుంచి తండ్రి కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. "చెప్పావా?"

"ఏం చెప్పాలండీ?"

"అది నెల రోజులుగా అన్నం కెలుకుతోంది. నువ్వేమో మా వీధిలో లెక్క అయిపోయాక కూడా మా వీధిలోనే తిరిగావు. మోకాలు పోయింది గానీ నాకు కళ్ళు పోలేదయ్యా. వంతెన దగ్గర బస్సు జనం కోసం ఆగుతుంది. నాకేమీ అడ్డులేదు, పరిగెత్తు!"

పరిగెత్తాడు. చెప్పు తెగితే వదిలేశాడు. వంతెన దగ్గర బస్సు అప్పుడే మళ్ళీ కదలబోతోంది. ఆమె కిటికీ కింద నిలబడి, ఊపిరందక, "అవసరం కాదు," అన్నాడు. "మీరంటే ఇష్టం. అందుకే వేయించుకున్నాను. మీరు లేకుండా ఆ ఊళ్ళో నాకేం పని?"

బస్సంతా ఇటు తిరిగింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"ఈ మాట వానలో చెప్పుంటే నేను తడవకుండా ఇంటికెళ్ళేదాన్ని," అంది.

"ఎక్కుతావా, ఆవిడ దిగుతుందా? ఏదో ఒకటి తేల్చండి," అని డ్రైవర్ అరిచాడు.

అతను ఎక్కాడు. ఆమె పక్క సీటు మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు జరిగింది.