అరుగు మీద ఆగిన కబురు

ఉప్మాలో అల్లం వేయవద్దని తాను మంగళవారమే చెప్పానని పరాంకుశంగారు, చెప్పనే లేదని భార్య కాత్యాయనమ్మ. రెండో కరకట్ట లోపలి కాకినాడలో ఇటువంటి తగువులు అర నిమిషానికి మించి నిలవవు. గోడ గూటిలోని సాక్షిపెట్టెను అడిగితే సరిపోతుంది. ఇంట్లో ఎవరు ఏ మాట అన్నా అది విని దాచుకొంటుంది. అడిగినప్పుడు అన్నవారి గొంతుతోనే తిరిగి వినిపిస్తుంది. ప్రతి ఇంటా ఒకటి ఉన్న తరువాత మనుషులు గుర్తుపెట్టుకోవడం మానేశారు. "నువ్వన్నావు", "నేననలేదు" అన్న మాటల మీద సాగే పోట్లాటలూ చాలావరకు పోయాయి.

"మంగళవారం ఉదయం అల్లం గురించి నేను ఏమన్నాను?" అని పరాంకుశంగారు గూటివైపు తిరిగి అడిగారు.

పెట్టె వెంటనే పలకలేదు. లోపలి పంకా గిర్రున తిరిగింది. ఆయన లేచి వెళ్ళి చెయ్యి వేసి చూశారు, ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. చాలాసేపటికి ఆయన గొంతే వినిపించింది కాని, అందులో ఒక్క మాటా పోల్చుకొనేందుకు వీలు లేదు. గరగర మాత్రమే.

"దానికీ అల్లం పడలేదు కాబోలు," అన్నది కాత్యాయనమ్మ.

ఆయన నవ్వలేదు. తీరరేఖా సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ప్రధానాధికారిగా పదవీ విరమణ చేసిన మనిషి. సర్వే పడవ ఎక్కిన ప్రతి రోజూ చూసినదంతా ఆయన నోటితో చెప్పి పెట్టెలో దాచేవారు. నీటి లోతు, ఇసుక రంగు, ఏ పల్లెలో ఏ బావి తియ్యన, ఏ ఇంటి అరుగు ఎంత ఎత్తు. ఆ పల్లెల్లో పందొమ్మిదింటిని తరువాత సముద్రం తీసుకొంది. శాఖనూ ఎత్తివేశారు, కాగితాలూ పోయాయి. ఇప్పుడు ఆ ఊళ్ళు ఆయన పెట్టెలో తప్ప మరెక్కడా లేవు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. పదిమందికీ తెలియాలని కూడా ఆయన కోరిక.

తొమ్మిది గంటలకు నూకరాజు వచ్చాడు. ఆ సర్వే పడవలో లోతుతాడు వేసిన మనిషి అతడు. ఇద్దరికీ డెబ్బై దాటిన తరువాత కూడా రోజూ ఈ వేళకు పులిజూదం ఆడటం అలవాటు. పలక మీద గళ్ళు గీసి ఉంటాయి. చింతగింజలు మేకలు, గవ్వలు పులులు.

"పంతులుగారూ, ఇసకలంక దగ్గర మన పడవ మెరక తట్టిన రోజున పడవలో ఎవరెవరం ఉన్నామండి?" అని నూకరాజు మేకను జరుపుతూ అడిగాడు.

పరాంకుశంగారి చెయ్యి గవ్వ మీద ఆగింది. పది పన్నెండు రోజులుగా ఇదే వరస. నిన్న వాకలరేవు బావి గురించి, మొన్న గాలివానలో చెల్లాచెదురైన కొలతల గురించి. ఆ ప్రయాణాలన్నీ నూకరాజు పెట్టెలోనూ ఉండి తీరాలి. ఉన్నదాన్ని నోటితో అడగడమేమిటి?

"నీకు తెలియదా?"

"తెలుసనుకోండి. మీ నోట వింటే అదో ఇదండి."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. పెట్టెకు చేరిన మాటను మళ్ళీ నోటితో ఎత్తడం ఆ కాలంలో మర్యాద కాదు. ఎదుటివారు తమ పెట్టె చూసుకోరని ఎత్తిపొడిచినట్టు. అందుకే పదమూడు రోజుల క్రితం నూకరాజు మనుమరాలి పెళ్ళి పిలుపు పెట్టెలోకి వచ్చినా, ఆ ప్రసక్తి అతడూ తేలేదు, ఈయనా తేలేదు.

ఆ పిలుపు వచ్చిన పద్ధతి ఆయనకు గుర్తే. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ పెట్టె వాకిట్లోని ద్వారపాలిక ఆపుతుంది. అరుగు మీద కూర్చోబెట్టి, నల్లటి అక్షరాలతో 'అనుమానితం' అని ముద్ర వేసి, సోదా పూర్తయ్యాక, ఇంటివారు అడిగితేనే లోపలికి పంపుతుంది. పసుపు అంచుల శుభలేఖ మీద నల్లముద్ర ఏమిటని పెద్దలు సహించరు. కాబట్టి ఆ ఊళ్ళో ప్రతి ఇంటా పెళ్ళి పిలుపు వచ్చిన క్షణాన ద్వారపాలికను ఒక్క నిమిషం నిద్రపుచ్చి, ఇంటి పెద్ద తూర్పుముఖంగా నిలబడి తెరుస్తాడు. పరాంకుశంగారూ అలాగే చేశారు. తరువాత ద్వారపాలికను మళ్ళీ లేపారు. అరుగు మీద ముద్రలు పడి ఎదురుచూసే తక్కిన కబుర్లను ఆయన ఏనాడూ చూడరు. అవి అనామకులవని ఆయన అభిప్రాయం.

మధ్యాహ్నానికి పెట్టె ముఖఫలకం మీద ఉండే సూర్యోదయం చెరిగిపోయి, బూడిదరంగు మీద తెల్లని అక్షరాలు వచ్చాయి.

'మీ మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటి తాళంచెవి మా దగ్గర ఉంది. మాకు డబ్బు వద్దు. మిమ్మల్ని నమ్మే ఒక్కరి పెట్టెను మాకు ఇవ్వండి. ఎనిమిది రోజులు గడువు.'

*

పెట్టెల వైద్యశాల నడిపే మెహరున్నీసా అద్దాలు పైకి జరిపి, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాళంపురుగు సార్. ఈ మధ్య ఎక్కువైంది."

"అది ఏమి చేస్తుంది? సరిగా వివరించండి."

"పైకి ఏదో మంచి కబురు లాగా వస్తుంది. మనం తెరిచాక కిక్కురుమనకుండా పడుంటుంది. ముందు నీడప్రతులు తినేస్తుంది. అంటే, చెడిపోతే పనికొస్తాయని పెట్టె తనంతట తాను దాచుకొనే నకళ్ళు. అవి అయిపోయాక ఒక్కో మాటనీ గూఢలిపిలోకి మార్చుకుంటూ పోతుంది. ఆ పనికే పెట్టె అంత వేడెక్కింది. మొదట్లోనే తెచ్చుంటే నీడప్రతులన్నా దక్కేవి. మీ దగ్గర నలభై ఏళ్ళ సరుకుంది కాబట్టి పన్నెండు, పదమూడు రోజులు పట్టింది. కొత్త పెట్టె అయితే గంట చాలు."

"విప్పలేరా?"

"చెవి లేకుండా ఎవరి వల్లా కాదు. వాళ్ళు చెప్పింది చెయ్యకండి సార్. చేసినవాళ్ళందరికీ చెవి ఇచ్చారన్న నమ్మకం లేదు."

పరాంకుశంగారు కర్రను రెండో చేతికి మార్చుకొన్నారు. "ఎవరో తమ పెట్టెను విడిపించుకోవడానికి నాకు అంటించారన్నమాట. అంటించినవాడి పెట్టె ఇప్పుడు శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. అంతేనా?"

"పనిచేస్తూ ఉండొచ్చు. అయితే అది ఒక్కటే కాదు సార్, ఇంకో రకంగా కూడా..."

ఆయన అప్పటికే లేచారు. కావలసింది దొరికిన తరువాత కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు.

దారిలో కరకట్ట మెట్ల దగ్గర నూకరాజు ఇల్లు. కిటికీలోంచి అతడి పెట్టె ఆటుపోటు వేళలు చదువుతోంది. గొంతు స్పష్టంగా, కొత్త గంటలా ఉంది. పరాంకుశంగారు గుమ్మం ఎక్కకుండానే వచ్చేశారు.

*

"వాడు నా సర్వేను వాడి పేర వేసుకోవాలని చూస్తున్నాడు," అన్నారు ఆయన ఇంటికి రాగానే. "ముందు నా నోరు కట్టేశాడు. ఇప్పుడు కొంచెం కొంచెంగా నా చేతనే చెప్పించుకొంటున్నాడు."

కాత్యాయనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "ముప్పై నాలుగేళ్ళు మీ పడవ మునక్కుండా చూశాడు. ఇప్పుడు మిమ్మల్ని ముంచడానికి అంత కష్టపడాలా? వెళ్ళి అడగండి."

"పెట్టెలో ఉన్న సంగతిని నోటితో అడగమంటావా?"

"మన పెట్టె ఎలాగూ మూగబోయింది కదండీ. మర్యాద ఎవరికి చూపిస్తారు?"

అడగకుండా ఆరు రోజులు గడిచాయి. ఆ ఆరు రోజులూ నూకరాజు వచ్చాడు, ఆడాడు, అడిగాడు. పరాంకుశంగారు ప్రతి ప్రశ్ననూ లోతుతాడు వేసినట్టు కొలిచి, ముక్తసరిగా జవాబిచ్చారు. అబద్ధం చెబుదామని ఒకసారి అనుకొన్నారు గాని, కొలత తప్పు చెప్పడానికి నోరు రాలేదు. నూకరాజు వేళ్ళకు సీసపు మసి అంటి ఉండటం గమనించారు. దాన్నీ ఒక నేరంగానే లెక్కకట్టారు.

ఏడవ రోజు ఉదయం కాత్యాయనమ్మ కూరల బజారుకు వెళ్ళాక, ఆయన పెట్టె ముందు కూర్చొన్నారు. తాళంపురుగు అన్ని వాకిళ్ళూ మూసి ఒక్కటి మాత్రం తెరిచి ఉంచింది. కబురు పంపే వాకిలి. దాని పక్కన చిన్న నల్లచుక్క. కబురు చెప్పి ఆ చుక్కను తాకితే పురుగు దానితోపాటు వెళుతుంది.

ఆయన గొంతు సవరించుకొన్నారు.

"నూకరాజూ, ఇసకలంక దగ్గర పడవ మెరక తట్టిన సంగతి అడుగుతున్నావు కదా. చెబుతున్నాను, విను. ఆ రోజు పడవలో అయిదుగురం..."

పావుగంట చెప్పారు. తెడ్డు విరిగిన చప్పుడు, మోకాలిలోతు నీటిలో దిగి పడవను నెట్టడం, ఒడ్డున ఎవరో ఇచ్చిన చద్దన్నం, దాంట్లో ఉల్లిపాయ. చెబుతుంటే ఆయనకే ఆశ్చర్యం వేసింది, అంతా గుర్తుంది. ఆ తరువాత చుక్కను తాకారు. తనది తాను తిరిగి తీసుకొంటున్నానని, దొంగ దగ్గర తీసుకోవడం దొంగతనం కాదని మనసులో వాక్యం ఒకటి సిద్ధంగా పెట్టుకొన్నారు.

నూకరాజు పెట్టెలోనూ అంతే కాలం పోగై ఉంది కాబట్టి, చెవి రావడానికి పది రోజులైనా పడుతుందని, ఆలోగా గడువు దాటుతుందేమోనని ఆయన భయం. గంట తిరగకుండానే బూడిదరంగు చెరిగి సూర్యోదయం వచ్చింది.

"మంగళవారం ఉదయం అల్లం గురించి మీరు ఏమీ అనలేదు," అన్నది పెట్టె.

పరాంకుశంగారికి సంతోషం కలగలేదు. గంటలో ఎలా? కొత్త పెట్టె అయితే గంట చాలునన్నది మెహరున్నీసా. నూకరాజుది కొత్త పెట్టె కాదు. నలభై ఏళ్ళ క్రితం ఇద్దరూ ఒకే దుకాణంలో కొన్నారు.

ఆయన జీవితంలో మొదటిసారి అరుగు చూపించమన్నారు. ముద్రలు పడిన కబుర్లు ఇరవై దాకా ఉన్నాయి. అడుగున ఒకటి, పెళ్ళి పిలుపు వచ్చిన రోజు సాయంకాలానిది. నల్లటి 'అనుమానితం' కింద నూకరాజు పేరు.

"పంతులుగారూ, నేనండి నూకరాజుని. నా పెట్టెకి తాళంపురుగు పట్టిందండి. నా పేరెట్టుకుని మీకు పెళ్ళి పిలుపేదో వస్తదంట, తెరవకండి. నేను పంపలేదండి, నా బంధువుల పట్టీ చూసుకుని అదే పాకేసిందంట. తెరిచేసుంటే బేగా వైద్యశాలకి పట్టుకెళ్ళండి, నకళ్ళన్నా దక్కుతాయి. ఒకళ్ళకి నా చేత్తో అంటిస్తే నాది నాకిచ్చేస్తానన్నదండి. మనసొప్పలేదు. మొత్తం తుడిపించేసేను. మన పడవ, మన ఊళ్ళు, అన్నీ పోయాయండి. రేపట్నుంచి కొంచెం కొంచెం అడుగుతా ఉంటాను. ఏవనుకోకుండా చెప్పండి."

పెట్టె ఆగి, "మళ్ళీ వినిపించమంటారా?" అన్నది.

*

ఆయన వెళ్ళేసరికి నూకరాజు చాప మీద కూర్చొని గీతల పుస్తకంలో పెన్సిలుతో రాసుకొంటున్నాడు. గూట్లో పెట్టె ముఖం బూడిదరంగులో ఉంది.

"రండి రండి. ఇయ్యాల మీరే వచ్చేశారే. చూడండి, రెండోసారి పట్టేసిందండి దరిద్రం." పెన్సిలుతో గూటివైపు చూపించాడు. "మీ కబురొచ్చిందండి. మీ పేరు మీద నల్లముద్ర ఏంటని ద్వారపాలికని తీసేశాను. చద్దన్నం దాకా విన్నాను. అక్కడ తాళం పడిపోయింది."

పరాంకుశంగారు గుమ్మం పట్టుకొని నిలబడ్డారు.

"మీ పెట్టెకీ పట్టినట్టుందండి, చూసుకోండి. నాది చేసినట్టే, మీ పేరెట్టుకుని పాకేసుంటది. మీరేం బాధపడకండి, మీ తప్పేముంది అందులో. అయినా ఈసారి నేను పెట్టెని నమ్ముకోలేదు లెండి." పుస్తకం ఎత్తి చూపించాడు. పెద్ద పెద్ద అక్షరాలు, అక్కడక్కడ కొట్టివేతలు. వాకలరేవు బావి, గాలివాన, పందొమ్మిది ఊళ్ళ పేర్లు. ప్రతి పేజీ మీదా 'పంతులుగారు చెప్పింది' అని ఉంది. "కూర్చోండి. చద్దన్నం తర్వాత ఏవైంది?"

ఆ ఇంట్లో వినే పెట్టె లేదు. ఉన్నది ఇద్దరు మనుషులు. పురుగు తనంతట పాకి వచ్చిందని అతడు అందించిన మాటను అలాగే ఉంచేస్తే, అది అబద్ధమని ఏ కాలంలోనూ ఎవరూ తేల్చలేరు. పరాంకుశంగారికి అది స్పష్టంగా కనిపించింది, లోతు కొలిచిన చోటులాగే.

"అది పాకి రాలేదు, నూకరాజూ," అన్నారు. "నేనే పంపాను."

పెన్సిలు ఆగింది.

"తెలిసే పంపాను. నువ్వు నాకు అంటించావనుకొన్నాను. నీ కబురు ఇప్పుడే విన్నాను. రాసుకో. ఆ పుస్తకంలో ఇది కూడా ఉండాలి."

కరకట్ట అవతల సముద్రం వినబడుతోంది. నూకరాజు పెన్సిలును పుస్తకం మధ్యలో పెట్టి మూసేశాడు.

"ఇది రాయనండి," అన్నాడు. "గుర్తుంటే ఉంటది. లేకపోతే లేదు."

అది క్షమించడమో, క్షమించనని చెప్పడమో పరాంకుశంగారికి అర్థం కాలేదు. నలభై ఏళ్ళుగా ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు దొరికింది. దీనిని మాత్రం ఏ పెట్టెనూ అడగడానికి లేదు.

నూకరాజు లేచి పలక తెచ్చి చాప మీద పరిచాడు. గవ్వలు ఒక పక్క, చింతగింజలు ఒక పక్క పోసి, తలెత్తకుండానే అడిగాడు.

"నిన్న పులులు ఎవరివండీ?"

పరాంకుశంగారు అతడి ముఖంలోకి చూశారు. ఆ ప్రశ్నలో మరేమైనా ఉందా అని వెతికారు. ఏదీ కనిపించలేదు, లేదని నమ్మకమూ కలగలేదు. ఆయన చాప మీద కూర్చొని చింతగింజలను తన వైపు లాక్కొన్నారు.

"నావి," అన్నారు. "ఇవాళ నువ్వు తీసుకో."