కేకకు లేచే డోలీ

కాన్పు పిలుపులు అందుకునే హాల్లో, శశిరేఖ తీసుకున్న పిలుపుకి ఆ పూట మూడో గగనడోలీ, మంత్రసానిని మోసుకెళ్లే ఎగిరే డోలీ, కప్పు మీంచి లేచింది. తీరపు పట్నంలో ఒకావిడకు నొప్పులు అప్పుడే మొదలయ్యాయి, గొంతు మాత్రం లైన్లో ఖణేల్మంది. గొంతు విని నొప్పికి అంకె వేసే యంత్రం, వేదనాంకం, ఎనిమిది చూపింది. ఏడు దాటితే డోలీ దానంతటదే ఎగురుతుంది. దాటకపోతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా కదలదు.

అంతలో కొండల నుంచి పిలుపు. గర్భిణి పేరు కొర్రా దొయిమతి. వేదనాంకం రెండు.

"నొప్పులు లేవా అమ్మా?" అంది శశిరేఖ.

"నేకేటి తల్లీ, పొద్దుట్నుంచీ ఉన్నాయి," అంది దొయిమతి అత్త. "నెత్తురు ఆగట్లేదు. చాపంతా తడిసిపోయింది."

"మరి మీ కోడలి గొంతు వినబడదేం?"

"మా కొండ మీద కాన్పుకి కేకెయ్యరు. కేకేస్తే బిడ్డ బెదిరిపోద్ది."

శశిరేఖకు ఒళ్లు మండిపోయింది. వేదనాంకానికి చదువు చెప్పిన మహానుభావులు తీరపు ఆడవాళ్ల గొంతులే వినిపించారు. పళ్లు బిగబట్టి కనేవాళ్లూ ఉంటారని దానికి ఒక్కరూ చెప్పలేదు. పోయినవారం ఇలాగే అంకె రెండే వచ్చిన ఒక కొండ గర్భిణి డోలీ రాకుండానే పోయింది. ఇవాళ కప్పు మీద డోలీలు ఊరికే ఉన్నాయి, వాటిలో మంత్రసానులూ నెత్తురు సంచులూ సిద్ధంగా ఉన్నాయి.

"సార్, చేత్తో పంపించండి."

"ఆ మీట ఎప్పుడో పీకేశారమ్మా," అన్నాడు పర్యవేక్షకుడు సత్యారావు. "అంకె రాందే నేనేటి చేస్తాను?"

శశిరేఖ మైకు నోటికి దగ్గరగా లాక్కుని, దొయిమతి లైన్లోకి గావుకేక పెట్టింది. తన ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు కూడా అలా అరవలేదు. అంకె మూడయింది, అయిదయింది, ఆరు దగ్గర ఆగింది. ఆమెకు ఊపిరి అయిపోయింది.

పక్క బల్ల పిల్ల లేచొచ్చి అదే మైకులోకి అరిచింది. వెనకాల వరసలోని వాళ్లూ పరుగెత్తుకొచ్చి అందుకున్నారు. హాలు హోరెత్తిపోయింది. అంకె ఏడు దాటింది. కప్పు మీద డోలీ రెక్కలు గిర్రున తిరిగాయి.

"ఏటమ్మా ఆ కేకలు?" అంది లైన్లో దొయిమతి అత్త కంగారుగా. "అక్కడెవరికి కాన్పు?"

"మీ కోడలికే అమ్మా. డోలీ బయల్దేరింది."

డోలీ కొండ మీద దిగింది. మంత్రసాని నెత్తురు ఆపింది. ఆడపిల్ల పుట్టిందన్న కబురూ, తల్లికి ఫరవాలేదన్న కబురూ కలిసే వచ్చాయి. వాటి వెంటే వేదనాంకం తెర మీద ఎర్రక్షరాలు: ఈ గొంతులు ఎవరివి?

జవాబు కొట్టేలోపే ఇంకో కొండ పిలుపు వచ్చింది. వేదనాంకం మూడు. అందరూ సత్యారావు వైపు చూశారు.

ఆయన లేచి వెళ్లి హాలు తలుపులు గట్టిగా మూశాడు. "కానివ్వండి," అన్నాడు.