చెరిగిపోయిన చాసిస్ నంబరు

శ్రీహరిపురంలోని వరహాలమ్మ ఇంట్లో ఆ మంగళవారం కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. పాల పాకెట్టు వచ్చింది, కుళాయి వచ్చింది, కుళాయి దగ్గర పక్కింటావిడతో రోజూ పడే తగువూ పడింది. ఇడ్లీ పొయ్యి మీద పెట్టి ఆమె పెరట్లోని రేకుల షెడ్డు వైపు ఒక చెవి పడేసింది. షెడ్డులో ఆమె భర్త శ్రీరామ్మూర్తి ముక్కాలి పీట మీద కూర్చుని తన పాత మెటాడోర్ పికప్పుతో మాట్లాడుకుంటున్నాడు. బండితో మాట్లాడేవాణ్ణి లోకం పిచ్చివాడంటుంది. అంటే అననీ. పోయినేడాది ఇదే మనిషి మూడు నెలలపాటు మనుషులతో కూడా మాట్లాడలేదు.

ఇరవై ఏళ్ళు ఆ బండిలోనే ఫిషింగ్ హార్బరుకి ఐసు దిమ్మలు తోలాడు. బండి ముసలిదై పెరట్లో టార్పాలిన్ కిందకి చేరాక వేరే వాళ్ళ లారీలు నడిపాడు. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు కొంచెం తేరుకుంది, చెయ్యి తేరుకోలేదు. మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తినడు, మందు వేసుకోమంటే నోరు తెరవడు. ఇంక ఈ మనిషి దక్కడని వరహాలమ్మ అనుకుంటున్న రోజుల్లో ఆమె తమ్ముడు గంగరాజు వచ్చాడు. ఆటోనగర్లో అతనికి టింకరింగ్ షెడ్డుంది. టార్పాలిన్ లాగి పారేసి, దీన్ని మళ్ళీ రోడ్డెక్కిద్దాం లే బావా అన్నాడు. ఆ మాటకి శ్రీరామ్మూర్తి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

అప్పటినుంచి పదకొండు నెలలు. ఇంజను విప్పి మళ్ళీ బిగించారు. పాత బ్రేకులు తీసి పవర్ బ్రేకులు పెట్టారు. వెనక తొట్టికి టేకు పలకలు వేశారు. కుడికాలు సరిగ్గా లేవని మనిషి ఎక్కేందుకు వీలుగా కింద ఒక మెట్టు, బయటికి తిరిగే సీటు అమర్చారు. పెద్ద పని గంగరాజుదే. విప్పడం, బిగించడం మాత్రం నా చేతులతోనే అని శ్రీరామ్మూర్తి పట్టుబట్టాడు.

ఇక్కడ వరహాలమ్మ ఒక దొంగపని చేసింది. తుప్పు పట్టిన నట్టు పట్టున్న మగాడికే వదలదు, వేళ్ళు ముడుచుకోని చేతికి ఏం వదులుతుంది? మొదటి వారంలోనే స్పానర్ జారి పడితే శ్రీరామ్మూర్తి దాన్ని విసిరికొట్టి వెళ్ళి గోడవైపు తిరిగాడు. ఆ మర్నాటి నుంచి ఆమె తెల్లవారుజామున లేచి షెడ్డులోకి వెళ్ళేది. ఆ రోజు అతను విప్పాల్సిన నట్టుకి నూనె వేసి, స్పానర్‌కి ఇనప గొట్టం తొడిగి, తన ఒంటి బరువంతా దాని మీద వేసేది. అది కర్రుమని వదిలాక మళ్ళీ వేళ్ళతో బిగించి, ఏమీ ఎరగనట్టు వచ్చి పొయ్యి వెలిగించేది. ఎనిమిదింటికి అతను ఆ నట్టుని కుడిచేత్తో తిప్పి, సూసావా వరాలూ, బలం వచ్చేత్తంది అనేవాడు. ఆమె గుమ్మంలో నిలబడి నవ్వేది. చేతిలో ఇంక ఇంతకంటే బలం వస్తుందని ఆశపెట్టుకోవద్దని కసరత్తు చేయించే డాక్టరు ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట ఆమె కూతురు నీలిమకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ మంగళవారం ఇడ్లీ దించబోతుండగా షెడ్డులోంచి పిలుపు వచ్చింది.

"వరాలూ, ఓపాలి ఇలగ రా. నా కళ్ళకేటయినా అయ్యిందేటో సూడు."

శుక్రవారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. ఆయన సరేనంటేనే బండికి మళ్ళీ రిజిస్ట్రేషన్. కాగితాలతో పాటు చాసిస్ నంబరు అచ్చు కూడా ఇవ్వాలి. ముందు చక్రం వెనక, కింది ఇనప దూలం మీద ఆ నంబరు కొట్టి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. శ్రీరామ్మూర్తి చేతిలో కాగితం నల్లగా ఉంది గానీ ఒక్క అంకె కూడా తేలలేదు. ఆమె చేత కూడా రుద్దించాడు. మళ్ళీ నల్లదనమే.

"ఇక్కడే కదే నంబరుండాల," అన్నాడతను. "ఇది నేకపోతే ఇది బండి కాదు, పాతసామాను."

వరహాలమ్మ పెన్సిలు కింద పెట్టేసింది. అక్కడ నంబరుంటుందని ఆ నిమిషం దాకా ఆమెకు తెలీదు. పది రోజుల కిందట సరిగ్గా అక్కడే తుప్పు గీకలేక ఇనప తీగల బ్రష్షు జారి వేళ్ళు చెక్కుకుపోతే, ఆ మగాడు ఎవరూ చూడట్లేదనుకుని కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది. మర్నాడు అతను ఆటోలో కసరత్తుకి వెళ్ళగానే గంగరాజు వదిలి వెళ్ళిన గ్రైండరు తీసింది. వేలు తెగినా ఆపకుండా ఆ దూలాన్ని అద్దంలా మెరిసేదాకా కొట్టి, ఎర్ర ప్రైమరు పూసేసింది. ఎవరు కొట్టారని అతను అడిగితే, తమ్ముడు వచ్చి కొట్టేసి వెళ్ళాడని చెప్పింది. అబద్ధం చెప్పడానికి అరక్షణం కూడా పట్టలేదు.

ఇప్పుడు ఆ అబద్ధం లేచి కూర్చుంది. శ్రీరామ్మూర్తి ఫోను చేసి గంగరాజుని రమ్మన్నాడు. అరగంటలో అతను వచ్చాడు, వస్తూ వస్తూ బావకి ఇష్టమని పకోడీ కూడా తెచ్చాడు. పొట్లం అతని చేతిలో ఉండగానే శ్రీరామ్మూర్తి మొదలుపెట్టాడు. ముప్పయ్యేళ్ళుగా ఆటోనగర్లో బళ్ళు కొడుతున్నవాడు చాసిస్ నంబరు పొరపాటున చెరపడు. చెరిపాడంటే ఆ నంబరు ఇంకో బండికి ఎక్కించడానికి కావాలనే చెరిపాడు.

"మా నంబరు ఏ దొంగబండికి కొట్టించీసినావ్ రా?" అన్నాడు.

గంగరాజు పొట్లం పక్కన పెట్టి బండి కిందకి వంగి ఆ దూలాన్ని చూశాడు. బొటనవేలితో నిమిరాడు. ఎగుడుదిగుడుగా గాట్లు పడ్డాయి, పని తెలిసినవాడి చెయ్యి కాదది. లేచి అక్క వైపు చూశాడు. ఆమె చూపుడువేలికి చుట్టిన గుడ్డ చూశాడు. ఆ రోజు నేను ఇటు రానేలేదు బావా అని ఒక్కమాట అంటే సరిపోయేది. అతను అనలేదు. వరహాలమ్మ ఆ వేలు కొంగులో దాచుకుంది.

"తప్పయిపోనాది బావా," అన్నాడు గంగరాజు చివరికి.

"తప్పు కాదురా, దొంగతనం. శుక్రారం దాకా ఆగుతాను. నంబరు ఎవుడికిచ్చేవో సెప్పకపోతే స్టేషన్లో రాయించేత్తాను. ఇంక నా గుమ్మం తొక్కకు."

ప్రహరీ అవతల ఇద్దరు ముగ్గురు నిలబడి విన్నారు. గంగరాజు తల దించుకుని వెళ్ళిపోయాడు. శ్రీరామ్మూర్తి కుంటుకుంటూ గదిలోకి వెళ్ళి మంచం మీద పడి గోడవైపు తిరిగాడు. పొద్దున్న ఇడ్లీ ముట్టలేదు, మధ్యాహ్నం అన్నం ముట్టలేదు, రాత్రి మందు నోట పెట్టలేదు. పదకొండు నెలల కిందటి మనిషి మళ్ళీ వచ్చేసినట్టు వీపు అలాగే కనబడింది.

వరహాలమ్మ మధురవాడలో ఉద్యోగం చేస్తున్న నీలిమకి ఫోను చేసి ఏడ్చింది. జరిగింది విని నీలిమ చెప్పకు అంది.

"గ్రైండరు నువ్వు పట్టుకున్నావని చెప్తే ఇంకా ఏమేం పట్టుకున్నావని అడుగుతారమ్మా. ఆ నట్ల సంగతి బయటపడితే నాన్న మిగలరు. మావయ్య పెద్దమనసు చేసుకుంటాడులే."

మాట నిజమే. నిజమే గానీ మింగుడుపడే నిజం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇటు మొగుడి ప్రాణం, అటు తమ్ముడి పరువు. తల్లి పోయాక ఆరేళ్ళవాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళింది. గంగరాజు షెడ్డులో ఏదో తలుపు సాగగొడుతున్నాడు. పక్క షెడ్డు వాళ్ళు ఆమెను చూసి గుసగుసలాడారు. కబురు అప్పుడే అక్కడికి చేరిపోయింది. ఒక పాత ఖాతాదారు పొద్దున్నే వచ్చి తన బండి తోలుకుపోయాడని కూడా తెలిసింది.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పి వేలు చూశాడు. పచ్చిగానే ఉంది.

"సెప్పకప్పా," అన్నాడు. "నాను దొంగనయితే ఏటయిపోద్ది? నాలుగు రోజులు అనుకుంతారు, ఊరుకుంతారు. బావ బతకాల."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. ఇంత మాట అన్నాక ఆడదాని గుండె ఎలా ఆగుతుంది? దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పి, కాళ్ళైనా కడుక్కోకుండా గదిలోకి వెళ్ళి, ఆ వీపు వెనక నేల మీద చతికిలబడింది.

"మావా, మా తమ్ముడు ఆ దినం ఈ ఇంటికే రానేదు. నంబరు సెరిపింది నాను."

వీపు కదల్లేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. బ్రష్షు జారడం, అతను కళ్ళు తుడుచుకోవడం, గ్రైండరు, వేలు, అబద్ధం. అక్కడ ఆపేయొచ్చు. ఆపకూడదనుకుంది. ఒకటి కడుపులో దాచుకున్నందుకే తమ్ముడు దొంగయ్యాడు, రెండోది దాచుకుంటే ఇంకెవరి కొంప కూలుతుందో.

"నట్లు కూడా నానే. తెల్లారగట్ల లెగిసి అన్నీ నానే వదులు సేసీదాన్ని. నీ సేతికి బలం వచ్చిందనుకుంతావని. నన్ను సంపీ, గానీ గోడకేసి తిరక్కు మావా."

మంచం కిర్రుమంది. శ్రీరామ్మూర్తి ఎడమ మోచెయ్యి మీద బరువు వేసి మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నట్ల సంగతి నాకు తెల్సు," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. అతను చెప్పాడు. ముప్పయ్యేళ్ళు నట్లతో బతికినవాడికి స్పానర్ మీద ఇనప గొట్టం మోగితే తెలియదా? మొదటి నాడే మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూశాడు. ఆమె చీర ఎగదోపుకుని గొట్టం మీద వేలాడుతోంది. లేచి వెళ్ళి అరుద్దామనుకున్నాడు. అంతలో నట్టు వదిలింది. చీకట్లో ఒక్కతే నిలబడి ఆమె నవ్వుకుంది.

"నాను మంచాన పడ్డ కాడ్నుంచి నీ మొకంలో నవ్వు సూడనేదు. అన్నం కూడా మానీసినావ్, నాకు తెల్దనుకున్నావు. అందుకే పొద్దున్న లెగిసి ఆ వదులు నట్టే ముక్కుతూ మూలుగుతూ తిప్పీవోణ్ణి. నా సెయ్యి రానేదని నాకు తెల్సు వరాలూ. నీకు తెల్దనుకున్నాను."

వరహాలమ్మ మంచం పట్టె మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండు నెలలు ఒకే ఇంట్లో, ఒకే అబద్ధాన్ని చెరో కొస పట్టుకుని మోశారు. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళని బతికిస్తున్నామనుకున్నారు. గ్రైండరు మాత్రం అతను ఇంట్లో లేనప్పుడు మోగింది. అందుకే ఆ ఒక్కటే అతనికి తెలియలేదు.

"తప్పు నాదే," అన్నాడు శ్రీరామ్మూర్తి కాసేపటికి. "అంతా తెలిసినోణ్ణి, ఆడి మొకం సూసయినా తెలుసుకోవాల. చొక్కా తే."

ఆటో పిలిచి ఇద్దరూ ఆటోనగర్ వెళ్ళారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోలేకపోతే పోనీ, విన్నవాళ్ళందరి ముందూ ఇంకో మాటైనా అనాలని శ్రీరామ్మూర్తి అనుకున్నాడు. షెడ్డు ముందు దిగి, భార్య భుజం పట్టుకుని నిలబడి, పక్క షెడ్డు వాళ్ళు కూడా బయటికి వచ్చేదాకా ఆగాడు.

"మా బావమరిది దొంగ కాదు. నంబరు మా ఇంట్లోనే పొరపాటున పోనాది. కళ్ళుండీ సూడనేక దొంగన్నది నాను," అన్నాడు అందరికీ వినబడేలా. ఆ తర్వాత గంగరాజు కాళ్ళ మీద పడబోయాడు. ఒళ్ళు వంగలేదు, ముందుకి తూలాడు. గంగరాజు సుత్తి పారేసి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరు మగాళ్ళూ నడిరోడ్డు మీద ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. చూసేవాళ్ళని చూసుకోనీ.

శుక్రవారం ఆశ పోయినట్టే. నంబరు చెరిగిపోయిందని ఉన్నదున్నట్టు అర్జీ పెట్టుకుంటే విచారణ జరుగుతుందని, కొత్తగా కొట్టుకోవడానికి అనుమతిస్తే ఇస్తారని, నెలలు పట్టొచ్చని గంగరాజు చెప్పాడు. ఇవ్వకపోనూ వచ్చు. శ్రీరామ్మూర్తి తల ఊపాడు. నిన్నటినుంచి ఏమీ తినలేదని తెలిసి గంగరాజు తన క్యారేజీ విప్పి, చేపల పులుసు కలిపి కంచం బావ ముందు పెట్టాడు.

పక్షవాతం వచ్చాక శ్రీరామ్మూర్తి ఎవరి ముందూ తినలేదు. తలుపు వేసుకుని కుడిచేత్తోనే తంటాలు పడి తినేవాడు. బయటికి వచ్చాక కింద పడ్డ మెతుకుల్ని చూసీ చూడనట్టు వరహాలమ్మ తుడిచేసేది. ఇప్పుడు అందరూ చూస్తుండగా ముద్ద ఎత్తాడు. వేళ్ళు మూసుకోలేదు. ముద్ద నోటి దాకా రాకుండానే చొక్కా మీద చిందింది. ఇంకోసారి ఎత్తాడు. మళ్ళీ చిందింది. వరహాలమ్మ చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్ళింది. సగంలో ఆగింది.

"సాయం కావాలా మావా?" అంది.

ఇన్ని నెలల్లో ఆమె ఆ మాట పైకి అడగడం అదే మొదటిసారి. శ్రీరామ్మూర్తి ఆమె వైపు చూశాడు.

"కావాల," అని నోరు తెరిచాడు.