ఇరవై ఒక్క మంది సిపాయిలు

పుణెలో ఆ మిసైల్ ఇంజనీరు తన బొమ్మల అల్మారా ముందే చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద చీమ కుట్టినంత గాటు. అల్మారాలో నూటపది మంది బొమ్మ సిపాయిలు వరసగా గుమ్మం వైపు చూస్తున్నారు. ఒక్కడు మాత్రం శవం వైపు తిరిగి ఉన్నాడు.

"నెలల ఇది రెండోది." నిఘా సెక్షన్ చీఫ్ శివశంకర్ ఫోటోను బల్ల మీదికి తోశాడు. సంగారెడ్డిలో ఒక జిరాక్సు షాపు వెనకగదే ఆయన ఆఫీసు. "ఇద్దరూ డిఫెన్స్ ఇంజనీర్లే, ఇద్దరికీ సిపాయి బొమ్మల పిచ్చే. మూడో పేరు హరినాథ్ అని కబురొచ్చింది. పటాన్‌చెరు ప్లాంటుల చీఫ్ డిజైనర్. రేపు పొద్దున, ఆయుధపూజల."

భవాని ఫోటో తిప్పి చూసింది. కర్దనూర్‌లో కూలోళ్ళ ఇంట పుట్టి, డిగ్రీ చదివి, ఆరేండ్లుగా ఏజెంటు పని చేస్తోంది. "బొమ్మ ఎట్ల చంపుతది సార్?"

"పాత సీసం బొమ్మ కాదమ్మా. త్రీడీ ప్రింటర్ల తయారైంది. కండ్లల్ల నువ్వుగింజంత కెమెరా, తుపాకీల విషపు సూది. మొఖం గుర్తు పడ్తది. కాల్చుమనే ఆర్డరు మాత్రం ఫోన్ నుంచి రావాలె. ఆ ఫోన్ ముప్పై అడుగుల లోపలుండాలె."

"పూజ ఆపితే అయిపాయె గద?"

"ఆపితే ఫోన్ ఎవనిదో తెల్వదు. మల్ల ఇంకో ఊరు, ఇంకో అల్మారా." శివశంకర్ కిటికీ వైపు చూశాడు. "హరినాథ్‌కు చెప్పలే. చెప్తే రాడు."

ఎరకు గాలం సంగతి తెలియదన్న మాట.

తెల్లారి పటాన్‌చెరు ప్లాంటులో ఆమె క్యాంటీన్ ఆయమ్మ. నీలం చీర, చెవి కమ్మలో రిసీవరు, చేతిలో తడి పసుపు, కుంకుమ, బంతిపూల పళ్ళెం. షెడ్డులో లేతు మిషన్ల నుంచి పానాల దాకా బంతిదండలు వేలాడుతున్నాయి. గుమ్మం దగ్గర లక్ష్మీప్రసన్న పట్టుచీరలో మెరిసిపోతోంది. సుల్తాన్‌పూర్‌లో బొమ్మల స్టూడియో ఆమెది. విదేశీ ముఠా సొమ్ము తింటూనే ఆర్నెల్లుగా మనవాళ్ళకు కబుర్లు మోస్తోంది.

"శనగలు నానినయా మేడం?" అంది భవాని. అది కోడ్ వర్డ్.

"ఇంకా పొట్టు పోలేదు." ఆమె పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి. "సిపాయిల సెట్టులో డ్రమ్ము వాయించేవాడు. సూది వాడి డ్రమ్ముకర్రలో ఉంది. వాడొక్కడే. మిగతా ఇరవై మందీ ఉత్త బొమ్మలు."

బల్ల మీద బొమ్మలను సర్దుతున్నది కామరాజు. భీమవరం నుంచి ఈ ప్లాంటుకే ఉద్యోగానికొచ్చి, ఇక్కడే ఫోర్‌మన్‌గా రిటైరైనవాడు. ఈ సెట్టు ప్లాంటుకు ఆయన కానుక. భవాని బంతిపూలు చల్లుతూ డ్రమ్మువాణ్ణి కొంగులోకి లాగేసింది.

"నలభై ఏళ్ళు చోర్ బజార్లు తిరిగి ఒక్కొక్కణ్ణీ వెతికానమ్మాయ్," అన్నాడు కామరాజు. "చెయ్యి విరిగినవాడు దొరికినా పండగే. ఇప్పుడో, గంటలో రెజిమెంటు ప్రింటవుతుంది. వాళ్ళే కవాతు చేస్తారు, మనిషిని చూసి సెల్యూట్ కొడతారు. బాగానే ఉంది గానీ, నేను వాళ్ళని చూస్తున్నానో, వాళ్ళే నన్ను చూస్తున్నారో తెలీడం లేదు."

"మరి ఎందుకు కొన్నరు సార్?"

"కొనలేదమ్మా. ఆ ప్రసన్నగారే ఊరికే ఇచ్చారు."

భవాని చెయ్యి పూల మీద ఆగిపోయింది. అప్పటికే హరినాథ్ లోపలికి వచ్చేశాడు.

కామరాజు ఆయుధపూజ పద్ధతి తప్పే మనిషి కాదు. తుపాకీ ఆయుధమే కదా అని ఒక్కో సిపాయి తుపాకీకి తడి పసుపు రాసి, బొట్టు పెట్టడం మొదలుపెట్టాడు. రెండంగుళాల బొమ్మ, బొటనవేలు లావు. తుపాకీకి పెట్టింది మొహమంతా అలుముకుంటోంది. నలుగురికి పెట్టాడో లేదో హరినాథ్ బల్ల మీదికి వంగాడు.

"కామరాజు గారూ, యూనిఫాం గుండీలు కూడా వచ్చాయే!"

పదహారు తలలు మెల్లగా ఆయన వైపు తిరిగాయి. తుపాకులు అంగుళం లేచాయి. మొహాన పసుపు పడ్డ నలుగురు మాత్రం ఎటు చూస్తున్నవాళ్ళు అటే ఉండిపోయారు.

అందరూ హంతకులే. కానీ కంట్లో పసుపు పడితే గుడ్డివాళ్ళు.

ఆలోచనకు టైం లేదు. భవాని కాలు జారినట్టు ముందుకు తూలి, తడి పసుపూ కుంకుమా పళ్ళెంతో సహా బల్ల మీద కుమ్మరించింది. భుజంతో హరినాథ్‌ను పక్కకు నెట్టి, సిపాయిల మొహాలన్నీ అరచేత్తో ఒక్క పూత పూసేసింది. టిక్, టిక్, టిక్. సూదులు గాల్లోకి లేచాయి. కొన్ని రేకుకు తగిలాయి. మూడు మాత్రం హరినాథ్ చెవి పక్కగా పోయి, దిష్టి తీయడానికి తెచ్చిన గుమ్మడికాయలో దిగాయి. దాని తొక్క అక్కడికక్కడే నల్లబారింది.

"అయ్యో, పెయింటంతా పాడుచేశావే ఆయమ్మా," అన్నాడు కామరాజు. గుమ్మడికాయను చూశాక బల్లకు దూరంగా జరిగాడు.

కమ్మలో శివశంకర్ గొంతు: "సిగ్నల్ దొరికింది. నీ వెనకాలనే. రెండడుగులు."

గుమ్మం దగ్గర్నుంచి ఎప్పుడొచ్చిందో, వెనకాల ఉన్నది ఒక్కతే. లక్ష్మీప్రసన్న బొటనవేలు ఇంకా ఫోన్ మీదే ఉంది. పారిపోవడానికి పట్టుచీర కుచ్చిళ్ళు సాయం చేయలేదు. భవాని ఆమె మణికట్టు మెలిపెట్టి లేతు మిషను హ్యాండిలుకు బేడీ వేసింది.

"ఎంతిచ్చినా వాళ్ళకంటే మీరు తక్కువే ఇచ్చారు," అంది లక్ష్మీప్రసన్న. ఆ గొంతులో జంకు లేదు.

భవాని బల్ల మీద చిందిన కుంకుమ వేలికి అద్దుకుంది. లక్ష్మీప్రసన్న నుదుట నిండుగా, గుండ్రంగా బొట్టు పెట్టింది.

"పద్ధతి తప్పొద్దు గద మేడం. షెడ్డుల ఒక్క ఆయుధం మిగిలిపోయింది."