బీమ్‌కు అవతల కూర్చున్నది

సూరత్‌లో వానాకాలం మధ్యాహ్నాలు ఒక్కోసారి మునిమాపులా ఉంటాయి. మబ్బు కమ్మిందంటే ఖటోదరా సందుల్లో పట్టపగలే దీపాలు వెలిగించుకోవాలి. ఆ రోజు దీపాలూ లేవు. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. ఆ వాడలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మగ్గాలు ఆగినప్పటి నిశ్శబ్దం సంగతి బయటివాళ్లకు ఎంత చెప్పినా తెలియదు. ఏళ్ల తరబడి ఆ టకటకలో బతికినవాడి చెవుల్లో హోరు ఒకటి కాపురం పెడుతుంది. మగ్గం ఆగినా అది ఆగదు. రాజమల్లుకు ఆ హోరు తప్ప మిగిలిన లోకం సగమే వినబడుతుంది. ఇంట్లో కూతురు కేకేస్తేగాని పలకడు. సిరిసిల్ల దిక్కునుంచి పెళ్లయిన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని వచ్చినవాడు. అసలు మన పద్మశాలీల్లో సూరత్‌కు మొట్టమొదట వచ్చిందెవరని వాళ్లలో వాళ్లకే ఒక తగువుంది. ఒకాయన మా తాత అంటాడు, ఇంకొకాయన మా మేనమామ అంటాడు. ఎవరొస్తేనేం, అందరూ తెచ్చుకున్నది చేతిలో పని ఒక్కటే.

అందుకే విజయశ్రీ సంగతి తెలిసినప్పుడు వాళ్లు కాపురముండే నవాగామ్‌లో ఆ వీధి వీధంతా నోరు నొక్కుకుంది. గుడ్డ నేసేవాడి పెళ్లాం కడుపులో గుడ్డముక్క మరిచిపోయారట!

విజయశ్రీ రాజమల్లు భార్య. గర్భసంచి తీయించుకోవాలని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఇంటికొచ్చినప్పటినుంచీ కడుపునొప్పి. అడిగితే గ్యాస్ అన్నారు, తర్వాత భయం అన్నారు, ఆఖరికి మీ ఆడవాళ్లకు ఓర్పు లేదన్నారు. ఇంకో ఆస్పత్రిలో కోసి చూస్తే రక్తం అద్దే పల్చటి తెల్లగుడ్డ బయటపడింది. అప్పటికే లోపల చీము పట్టింది. ఆమె బతకలేదు.

రాజమల్లు కేసు వేశాడు. జనం గ్రాహక్ కోర్టు అనే వినియోగదారుల కమిషన్‌లో. వకీలు హంసాబెన్ మంచిదే, కానీ మంచి వకీలున్నంత మాత్రాన కేసు నడుస్తుందా? ఒకసారి అవతలి వకీలు రాడు, ఒకసారి మెంబరు సెలవు, ఒకసారి కాగితం తక్కువైందంటారు. రెండో ఆస్పత్రి డాక్టరు ఆ గుడ్డను తన చేత్తో తీసినవాడు, సాక్ష్యానికి రమ్మంటే ఊళ్లో లేనని చెప్పించాడు. ప్రతి వాయిదాకూ పనికి నాగా. ప్రతి నాగాకూ సేఠ్ ముఖం ముడుచుకోవడం.

ఇప్పుడు రాజీ మాట వచ్చింది. ఆస్పత్రి తప్పేమీ లేదని సంతకం పెడితే ఎంతో కొంత ఇస్తారట. మరుసటి రోజే వాయిదా. "రేపు కోర్టు మెట్ల దగ్గరే చెప్పు రాజమల్‌భాయ్. హా కే నా?" అంది హంసాబెన్. అవునో కాదో తేల్చమని.

ఆ పొద్దున విజయశ్రీ అన్న రఘుపతి చాయ్ వేళకే వచ్చి కూర్చున్నాడు.

"బావా, ఇంకెన్నేండ్లు తిరుగుతవే? చెప్పులరిగినయి, కేసు మాత్రం ఆడనే ఉన్నది. ఆపరేషన్ జేసిన డాక్టర్ సాబ్ మనిషి నిన్న మా ఇంటికొచ్చి జర సమ్‌ఝాయించుమని బతిమాలిండు."

"గాయన మనిషి బతిమాలిండంటే డర్ గయా అన్నట్టే గద మామా," అంది అనురాధ. రాజమల్లుకున్న ఒక్కగానొక్క బిడ్డ. సూరత్‌లోనే పుట్టి పెరిగింది.

"నీకు నోరెక్కువైంది పిల్లా. రేపు అత్తగారింట్ల గూడ గిట్లనే మాట్లాడ్తవా?"

"గాళ్లు తిన్నగ లేకుంటే గాళ్ల మీద గూడ కేసేస్త తియ్!"

"సూడు బావా, సూడు! నా చెల్లె మీద నాకు లేదా బాధ? పోయినోళ్లు తిరిగొస్తరా?"

రాజమల్లు గ్లాసులో అడుగున మిగిలిన చాయ్‌ను చూస్తూ ఉండిపోయాడు. తండ్రి నిర్ణయం ఆ చూపులోనే అనురాధకు అర్థమైంది. గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేస్తూ లోపలికి పోయింది.

అలా మనసులో 'హా' అనుకున్న రాజమల్లు ఆ మధ్యాహ్నం కార్ఖానాలో ఉన్నాడు. కరెంటు పోయేసరికి కుర్రవాళ్లంతా వానలో తడుస్తూ ఇళ్లకు పోయారు. మూల మగ్గానికి కొత్త బీమ్ ఎక్కించి ఉంది. రేపు అది నడవాలని సేఠ్ హుకుం. ఆ పనికి కరెంటు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక లైటు చాలు.

ఈ పని చూడనివాళ్ల కోసం చెప్పాలి. బీమ్ అంటే పడుగు దారం, ఇక్కడైతే పాలిస్టర్ దారం, చుట్టిన పెద్ద దండె. దాని పోగులు ఒక్కొక్కటిగా మగ్గం మీది తీగలకు కళ్లలా ఉండే సన్నటి రంధ్రాల్లోంచి ఇవతలికి లాగాలి. ఇవతల కూర్చున్నవాడు ఆ తీగ కంట్లోంచి కొక్కెం తోస్తాడు. అవతల కూర్చున్నవాడు వేళ్లతో పోగు ఏరి కొక్కేనికి తగిలిస్తాడు. ఇద్దరి మధ్యా పోగుల తెర చిక్కగా వేలాడుతుంది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఇద్దరికీ చెవులు అంతంతమాత్రమే కాబట్టి మాటలుండవు. "కూసున్నవా?" అని ఇవతలివాడు అడుగుతాడు, అవతలివాడు పోగులు పట్టి రెండుసార్లు గుంజుతాడు. అదే జవాబు. ఇంకొక్క నియమం ఉంది. జంటగా కూర్చున్నవాళ్లు పని ముగిసేదాకా లేవకూడదు. సగంలో లేస్తే పోగు తప్పుతుంది. ఒక్క పోగు తప్పినా గుడ్డ తాను పొడుగునా గీత పడుతుంది.

ఒకప్పుడు రాజమల్లుకు అవతల కూర్చునేది విజయశ్రీ. ఇప్పుడు బుచ్చిరాములు. రాజమల్లు ఈడువాడే, గుట్కా మనిషి.

"అన్నా, చాయ్ తాగొచ్చి కూసుంట. వాన ముదిరినట్టుంది, నీకు గూడ తెస్త," అని బుచ్చిరాములు గోనెసంచి నెత్తిమీద కప్పుకుని బయటికి పోయాడు.

రాజమల్లు చార్జింగ్ లైటు తన వైపు తగిలించుకున్నాడు. పీట వేసుకుని కూర్చున్నాడు. మెషీన్ నూనె వాసన, తడిసిన గోడ వాసన. రేకుల మీద వాన. కొంతసేపటికి అవతల చీకట్లో ఏదో కదిలినట్టయింది.

"కూసున్నవా?"

పోగులు రెండుసార్లు గుంజుకున్నాయి.

కొక్కెం తోశాడు. పోగు తగిలింది. లాగాడు. మళ్లీ తోశాడు. పని జోరుగా సాగింది. ఇంత చురుకైన చెయ్యి బుచ్చిరాములుకు ఎప్పుడొచ్చిందబ్బా అనుకున్నాడు. కొక్కెం పోయేలోపే పోగు సిద్ధంగా ఉంటోంది. పనిలో పడ్డాక మనసు తేలికై నోరు తెరుచుకుంది.

"బుచ్చీ, రేపు సంతకం పెడ్తున్నరా. ఇగ నాతోని గాదు. పిల్ల నన్ను జూసి మొఖం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ. నా గోస దానికేం తెలుసు?"

పోగులు ఆగిపోయాయి.

తోసిన కొక్కెం అలాగే ఉంది. అవతల ఏమీ తగల్లేదు.

"ఏందిరా, నిద్రపోయినవా?"

కొంచెంసేపటికి పోగు తగిలింది. లాగాడు. వేళ్లకు తడి అంటింది.

అప్పుడు గమనించాడు. ఇందాకటినుంచీ ప్రతి పోగు కొసా తడిగానే ఉంది. నోట్లో తడిపి, సన్నగా మెలిపెట్టిన కొస. గుట్కా నమిలేవాడు పోగును నోట్లో పెడితే ఎర్ర మరక పడుతుందని బుచ్చిరాములు నోటిదాకా పోగును పోనిచ్చేవాడే కాదు. అలా తడిపి ఇచ్చే అలవాటు ఒక్కరికే ఉండేది...

రాజమల్లు చెయ్యి ఆగలేదు. అలవాటైన చెయ్యి. మనసు వద్దంటున్నా తోసింది. అవతల తగిలింది. లాగాడు.

అది పాలిస్టర్ కాదు.

మెత్తగా ఉంది. చల్లగా ఉంది. లాగినకొద్దీ వస్తోంది... వెడల్పవుతోంది... పల్చటి గుడ్డ. తీగ కంట్లో పట్టనంత గుడ్డ, అయినా వస్తోంది. దానితోపాటు వాసన. ఆస్పత్రి మందు వాసన, దాని కింద ఇంకో వాసన. ఆమె మంచం పక్కన కూర్చుని అన్నం తినలేకపోయిన రోజుల వాసన.

వదిలేద్దామనుకున్నాడు. వేళ్లు విడలేదు. గుడ్డ చూపుడువేలికి చుట్టుకుంది. లేద్దామని మోకాలి మీద చెయ్యి ఆనించాడు.

అవతలినుంచి ఒక్క గుంజు.

ముఖం పోగుల తెరకు ఆనుకుంది. తెరకు అటువైపు, అంతే దగ్గరగా, ఎవరో ఉన్నారు. ఊపిరి లేదు. చల్లదనం మాత్రం ఉంది.

కూతురి కేకలు వినబడని ఆ చెవులకు గుసగుస స్పష్టంగా వినబడింది.

"సగంల లేస్తవా?"

గొంతు ఆమెదే. కాదు... ఆమెదే. కానీ మాట మాటకీ మధ్య ఏదో అడ్డం పడుతున్నట్టు, ఏదో మింగుతున్నట్టు.

"లేవనే..." పెదాలు కదిలాయి. "లేవ. సగంల లేవ. ఒట్టు."

వేలి మీది గుడ్డ వదులై అవతలికి జారిపోయింది. వాన చప్పుడు మళ్లీ మొదలైంది. అంటే ఇంతసేపూ ఆగిందన్నమాట.

"అన్నా! పాడు వాన, దుకాణం కాడనే ఇరుక్కపోయిన," అంటూ వీధి తలుపులోంచి బుచ్చిరాములు వచ్చాడు, చేతిలో చాయ్ సంచి. సెల్‌ఫోన్ లైటు మగ్గం మీద వేసి నిలబడిపోయాడు. "ఏందే గిది? నువ్వొక్కనివే గిన్ని పోగులు ఎట్లెక్కిచ్చినవ్?"

"అటు... అటుపక్క సూడు."

"ఏమున్నది? ఉత్త పీట." వంగి చెయ్యి ఆనించాడు. "తడిగున్నది. రేకు కారుతున్నట్టుంది." పైకి చూశాడు. రేకు కారడం లేదు. ఆ సంగతి అతను పైకి అనలేదు. "అన్నా, ఇంటికి పోదాం పా. నీకు జరం గిట్ల ఒచ్చినట్టుంది."

"కూసో," అన్నాడు రాజమల్లు. "బుచ్చీ, నీకు దండం పెడ్త. కూసో. గిది అయిందాక లేవద్దు."

బుచ్చిరాములు ఇంకో పీట తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. పని పూర్తయ్యేదాకా ఇద్దరూ లేవలేదు. చాయ్ చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున కమిషన్ మెట్ల దగ్గర హంసాబెన్ కళ్లెగరేసింది. రాజమల్లు "నా" అన్నాడు. ఒక్క అక్షరం. రఘుపతి తల పట్టుకున్నాడు. అనురాధ తండ్రి చెయ్యి పట్టుకుంది. రాత్రికి రాత్రి ఆయన మనసెందుకు మారిందో ఆమెకు తెలియలేదు. తన మాటే విన్నాడనుకుంది.

లోపల పెద్దగా ఏమీ జరగలేదు. రాజీ లేదని హంసాబెన్ చెప్పింది. రెండో ఆస్పత్రి డాక్టరును పిలిపించమని అర్జీ పెట్టింది. మెంబరు రాసుకుని ఇంకో వాయిదా వేశాడు. ఎన్ని వాయిదాలకైనా వస్తానని రాజమల్లు గుమాస్తాతో ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

వరండాలో జనం పల్చబడ్డాక వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఆపరేషన్ చేసిన డాక్టరు. ఎప్పుడూ ఇస్త్రీ చెక్కుచెదరని మనిషి. ఈరోజు గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. వకీలు లేడు, వెంట మనుషుల్లేరు. రాజమల్లుకు వినబడాలని దగ్గరికి వంగి హిందీలో మెల్లగా మాట్లాడాడు.

"కేసు వాపసు తీసుకో భాయ్. ఏం కావాలన్నా చేస్తాను. తప్పు నాదేనని కూడా రాసిస్తాను. ఆమెను మాత్రం రావద్దని చెప్పు."

రాజమల్లు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా చేతుల లేదు సాబ్. ఒట్టేసిన. మధ్యల లేవనీకి లేదు."

డాక్టరు తల ఊపాడు. ఆ జవాబు ముందే తెలిసినట్టు. చుట్టూ చూసి రాజమల్లు చెవికి మరింత దగ్గరగా జరిగాడు.

"ఒక్కటి చెప్పు. ఆమె చెయ్యి పట్టుకుని, నేను లోపల మరిచిన తెల్లగుడ్డే ఒంటికి చుట్టుకుని వస్తున్న ఆ పిల్ల ఎవరు?"

"పిల్లనా? మాకు ఒక్కతే బిడ్డ సాబ్. అగో, మామ పక్కన నిలబడ్డది."

డాక్టరు అనురాధను చూశాడు. కాదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. కిందికి వంగి, మోకాలి ఎత్తున అరచెయ్యి చాపాడు.

"మొదట ఇంత ఉండేది."

చెయ్యి నడుముదాకా లేపాడు.

"నిన్న సాయంత్రానికి ఇంత."

అప్పుడు ఆయన చూపు రాజమల్లు భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడే ఆగిపోయింది. నడుము దగ్గరున్న చెయ్యి, ఆయనకు తెలియకుండానే, మెల్లగా ఛాతీదాకా లేచింది.