కోసిన ఎర్త్

సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. ఇంజనీర్ చక్రపాణి దాని ఇనుప తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని మళ్లీ తీయలేకపోయాడు.

పోలీసులు ప్రమాదమని తేల్చేశారు. అమీర్‌పేటలో జావా కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కూర్చున్న అచ్యుతరావు మాత్రం నమ్మలేదు. ఊరికి ఆయన కన్సల్టెన్సీ ఓనరు. అసలు ఉద్యోగం, గూఢచారి శాఖలో చీఫ్.

"అది హత్య, ఒవైస్. పైగా రిహార్సల్," అన్నాడాయన. "జనరేటర్ బాడీకి కరెంటు తగిలితే, అది పారిపోవడానికి ఎర్త్ అనే దారి ఉంటుంది. ఆ దారి ఉంటే బ్రేకర్ టక్కున పడిపోతుంది. ఎవరో లోపలి తీగని బాడీకి తగిలించి, ఆ దారిని కోసేశారు. బ్రేకర్ పడలేదు. పాపం, చక్రపాణే దారి అయ్యాడు."

ఏజెంట్ ఒవైస్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అసలు టార్గెట్ ఎవరు సార్?"

"డాక్టర్ జానకీదేవి. మన రాడార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తున్న సైంటిస్టు. ఇవాళ మధ్యాహ్నం పంజాగుట్టలో ఆవిడ కొత్త సెంటర్ ఓపెనింగ్. జనరేటర్ ఆవిడ చేతే ఆన్ చేయిస్తారట. వెనకున్నది ఆర్కిడ్, విదేశీ ముఠా."

"ఫంక్షన్ ఆపేద్దాం సార్."

"ఆపితే ముఠా జారుకుంటుంది. లోపల మన మనిషి ఉందిగా, అల్ఫియా. ఆర్కిడ్ దగ్గర జీతం తీసుకుంటూ మనకి కబురందిస్తోంది. సర్వర్ రూమ్‌లో బాంబు ఉందంటోంది. మనవాళ్లు పైన వెతుకుతారు. నువ్వు కిందికెళ్లి ఎర్త్ సంగతి చూడు."

తుపాకీ అంటే ఒవైస్‌కి ఎన్నడూ భయం లేదు. దానికి ఒక గొట్టం కనిపిస్తుంది, వెనక ఒక మనిషి కనిపిస్తాడు. కరెంటుకి ఏదీ కనిపించదు.

మెకానిక్ వేషంలో, చెవిలో ఇయర్‌పీస్‌తో అతను బిల్డింగ్ వెనక్కి వచ్చేసరికి షామియానా కింద అతిథులు నిండిపోయారు. జనరేటర్ పక్కన ఈవెంట్ మేనేజర్ అల్ఫియా. నేలను ఊడుస్తున్న జరీ ఘరారా, గుప్పుమనే అత్తరు.

"ఎర్త్ పిట్‌ల నీళ్లు పోసిండ్రా?" కోడ్ అడిగాడు ఒవైస్.

"ఉప్పు, బొగ్గు సుత వేసినం," నవ్వింది అల్ఫియా. "చూస్కో భాయ్. బాడీకి రెండు ఎర్త్‌లు, గా మూలకు న్యూట్రల్ ఎర్త్. అన్నీ పక్కా. ఫికర్ జేయకు."

జనరేటర్ బాడీ నుంచి రెండు ఇనుప పట్టీలు రెండు గుంతల్లోకి దిగాయి. బోల్టులు బిగుతుగా ఉన్నాయి. పైన పచ్చ రంగు తాజాగా మెరుస్తోంది. అమ్మయ్య అనుకుంటూ తల తిప్పాడు. అప్పుడే గాలికి ఘరారా అంచు లేచింది. కింద బంగారు చెప్పులు లేవు. కరెంటు తగలకుండా లైన్‌మన్లు వేసుకునే మందపాటి రబ్బరు బూట్లు!

ఒవైస్ వంగి పట్టీని లాగాడు. ఉప్పు పొరల్లోంచి అది ముల్లంగిలా ఊడి వచ్చింది. లోపల కోసేసి ఉంది. రెండోదీ అంతే.

వీపుకి చల్లగా ఏదో ఆనింది.

"అరిస్తే మొదలు నువ్వే పోతవ్," దుపట్టా చాటున పిస్టల్ పట్టుకుని గుసగుసలాడింది అల్ఫియా. "మీవోళ్లు లేని బాంబును పైన దేవులాడుతుండ్రు. మంచిగ కూసొని చూడు."

షామియానా కింద చప్పట్లు మోగాయి. జనరేటర్ ముందు నిలబడి జానకీదేవి పచ్చ బటన్ నొక్కింది. జనరేటర్ గర్జించింది. ఇప్పుడా ఇనుమంతా చావు. ఇక బిల్డింగ్‌కి కరెంటు పంపే ఇనుప హ్యాండిల్ ఆవిడ లాగడమే మిగిలింది.

ఒవైస్ పక్కన తడిమాడు. పనిముట్ల సంచిలో రెండు కొసలకీ క్లిప్పులున్న బ్యాటరీ జంపర్ కేబుల్ తగిలింది. "సామాన్ పక్కన పెడ్తున్న, అంతే," అంటూ మెల్లగా బయటికి తీశాడు. ఒక క్లిప్పు, కోయకుండా మిగిలిన న్యూట్రల్ ఎర్త్ పట్టీని కరిచింది. రెండోది జనరేటర్ బాడీకి పెట్టాలి. క్లిప్పుకి రబ్బరు తొడుగుంది. కానీ అరచెయ్యి చెమటతో తడిసి ముద్దయింది. వేలు జారితే చక్రపాణి దగ్గరికే ప్రయాణం.

జానకీదేవి చెయ్యి హ్యాండిల్ వైపు సాగింది.

ఒవైస్ కళ్లు మూసుకున్నాడు. పిల్లల ముఖాలు కదిలాయి. "యా అల్లా!" అంటూ క్లిప్పు కొట్టాడు.

ఫట్‌మని నీలి మెరుపు. బ్రేకర్ టక్కున పడింది. ఇంజన్ తిరుగుతూనే ఉంది గానీ బాడీలో కరెంటు చచ్చిపోయింది. మెరుపుకి అల్ఫియా కళ్లు బైర్లు కమ్మిన ఆ క్షణంలోనే ఒవైస్ ఆమె మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ గుంతలో పడింది. బిర్యానీ వడ్డిస్తున్న ఇద్దరు వెయిటర్లు గరిటెలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. శాఖ వాళ్లే. కళ్లు తిరిగి పడిపోయిందని అతిథులకి చెప్పి ఆమెను వ్యాన్ ఎక్కించారు.

ఒవైస్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా జానకీదేవి నిలబడి ఉంది. హ్యాండిల్ మీదే ఉంది ఆవిడ చెయ్యి.

"ఏంటయ్యా ఇది? కొత్త జనరేటర్ అన్నారు, ముట్టుకోకముందే ఫట్‌మని పోయింది! మీ సర్వీసు మీద ఇప్పుడే కంప్లయింట్ రాస్తాను, చూడండి!"

"మాఫ్ చేయండి మేడమ్," అన్నాడు ఒవైస్.

ఇయర్‌పీస్‌లో అచ్యుతరావు నిట్టూర్పు వినిపించింది. "రాయనీయవయ్యా. రాయడానికి మనిషంటూ మిగిలిందిగా."